ఋతురహిత గ్రామం

కరోనా వచ్చిన ఏడు అన్నీ ఆగిపోయాయి. రైళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి, గుళ్లో గంట ఆగింది, బడిలో గంట ఆగింది. ఆడపిల్లలకు నెలనెలా వచ్చేది మాత్రం ఏ ఉత్తర్వూ చదవలేదు కనుక దాని పాటికది వస్తూనే ఉంది. ఒక్క నల్లరాళ్లపాడులో తప్ప. ఆ ఊళ్లో కొన్నాళ్లు అది కూడా ఆగిపోయిందని రికార్డుల్లో ఇప్పటికీ ఉంది. నమ్మకం లేనివారు వెళ్లి చూసుకోవచ్చు. కాకపోతే చూడటానికి ఇంటి యజమాని ఫోనుకు ఓటీపీ వస్తుంది.

ఎలా ఆగిందో ఎస్తేరమ్మకు బాగా తెలుసు. ఆవిడ ఆ ఊరి ఉపకేంద్రం నర్సమ్మ. ఇరవై ఆరేళ్లుగా అదే ఊరు, అదే నల్ల సంచి. నోరు దురుసు, చెయ్యి మెత్తన. ఊళ్లో సగంమంది ఆవిడ చేతుల్లో పడి ఏడ్చినవాళ్లే కనుక ఆవిడ తిడితే ఎవరికీ కోపం రాదు. ఆ వేసవిలో ఇంటింటికీ వెళ్లి నుదుటికి యంత్రం పెట్టి జ్వరం చూడటం ఆవిడకు పడిన పని.

ఒకరోజు ట్రాక్టరు డ్రైవరు తిరపతయ్య ఇంటికి వెళ్లింది. వసారాలో తిరపతయ్య, అతని తమ్ముడు, ఇద్దరు కొడుకులు వరసగా కూర్చుని ఉన్నారు. ట్రాక్టరు షెడ్డులో ఉంది, మగాళ్లు ఇంట్లో ఉన్నారు. నలుగురికీ యంత్రం పెట్టి లేవబోతుంటే తిరపతయ్య భార్య మాలకొండమ్మ కొంగు పట్టుకు లాగింది.

"జొరాలు ఎవరికీ ల్యా నర్సమ్మా. పాప నడవలేకుండా ఉంది. ఒక్కసారి లోపలికి రా."

పాప పేరు నాగవేణి. పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎస్తేరమ్మ తలుపు గడియ వేసి చూసింది. తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి.

"ఏం వాడుతున్నావే?"

"అమ్మ పాత చీర. సిల్కుది."

"ఉతికి యాడ ఆరేస్తున్నావు?"

నాగవేణి వేలు చూపించింది. బియ్యం బస్తాల వెనక, గోడకు రెండు మేకులు కొట్టి తాడు కట్టి ఉంది. తాడు మీద గుడ్డలు, గుడ్డల మీద వాటిని కప్పుతూ ఒక తడి తువ్వాలు. ఆ మూలకు ఎండ అన్నది ఇల్లు కట్టిన నాటి నుంచీ వచ్చి ఎరగదు.

"ముందు నాయనోళ్లు పొద్దున్నే పనికి పోయేవాళ్లు. దొడ్లో ఒక గంట ఆరేసి తీసుకునేదాన్ని. బళ్లో నెలకొక పాకెట్టు కూడా ఇచ్చేవాళ్లు. ఇప్పుడు బడీ లేదు, నాయనోళ్లు బయటికీ పోరు."

ఎస్తేరమ్మకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తేల్చుకోలేక సంచిలోంచి పూత మందు తీసింది. "గుడ్డ వాడటం తప్పు గాదే. నూలుగుడ్డ వాడు, ఎండలో ఆరెయ్యి. చీకట్లో ఆరిందనుకునేది ఆరదు, పుండవుద్ది. పాకెట్టన్నా ఉండాల, ఎండన్నా ఉండాల. ఈ జిల్లాలో ఎండకి కూడా కరువొచ్చిందా మీకు" అని తిట్టి, మందు రాసి బయటికి వచ్చింది. వసారాలో మగాళ్లు ఏమైందని అడగలేదు. కడుపునొప్పి అని మాలకొండమ్మ చెప్పింది, వాళ్లు నమ్మారు. ఆ ఇంట్లో కడుపునొప్పి నెలకొకసారి వస్తుంది.

నేరుగా హైస్కూలుకు వెళ్లింది. హెడ్మాస్టరు భావనారాయణ గారు ఒక్కరే కుర్చీలో మాస్కు పెట్టుకుని కూర్చుని, లేని పిల్లల బడిని కాపలా కాస్తున్నారు. ఆయన వెనక ఇనప బీరువా, బీరువా పక్కన పైకప్పు దాకా అట్టపెట్టెలు. పెట్టెల నిండా పాకెట్లే.

"ఇన్ని ఉన్నాయేంది సార్?"

"ప్రతి నెలా లారీ వస్తోంది తల్లీ. లాక్‌డౌన్‌లో కూడా పాసు పెట్టుకుని వస్తోంది. సరఫరా అత్యవసర సేవ కింద ఉంది."

"మరి పిల్లలకియ్యండి."

భావనారాయణ గారు సొరుగులోంచి కాగితం తీసి కళ్లజోడు సవరించుకున్నారు. "పంపిణీ అత్యవసర సేవ కింద లేదు. 'పాఠశాల యందు హాజరు పట్టీలో హాజరు నమోదు కాబడిన బాలికలకు మాత్రమే అందజేయవలెను.' బడి లేదు కనుక హాజరు లేదు. హాజరు లేదు కనుక..." అని బీరువా వైపు చూశారు. మంచివాడే. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాడు. ఆ ఏడాదిన్నరా ఏ కాగితాన్నీ నొప్పించకుండా గడపాలని ఆయన కోరిక.

ఎస్తేరమ్మ పైకి ఉత్తరం రాసింది. పిల్లలకు పుండ్లు పడుతున్నాయి, పాకెట్లు ఇళ్లకు ఇప్పించండి అని రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాల మీద ప్రత్యేక పర్యవేక్షణాధికారి విద్యాసాగర్ గారు మూడు సమావేశాలు జరిపి, ఇరవై రెండు పేజీల మార్గదర్శకాలు పంపారు. దాని పేరు 'కిశోరీ దీపిక' పథకం. దానికి ఒక యాప్. నెలసరి వచ్చిన బాలిక ఆ తేదీని ఎస్తేరమ్మ ట్యాబ్‌లో నమోదు చేయించుకోవాలి. అవకతవకలు జరగకుండా రేషను కార్డులోని ఇంటి యజమాని ఫోనుకు ఓటీపీ వెళుతుంది. ఆయన ఆ అంకెలు చెబితే పాకెట్టు మంజూరవుతుంది.

"ఆడపిల్లల విషయం నాయనల ఫోనుకా సార్?" అని ఎస్తేరమ్మ ఫోను చేసి అడిగింది.

"పారదర్శకత, అమ్మా" అన్నారు విద్యాసాగర్ గారు. "లబ్ధిదారు నిజంగా అర్హురాలా అన్నది కుటుంబ పెద్ద కాక మరెవరు ధ్రువీకరించగలరు?"

సరే అనుకుంది. మొదట నాగవేణే ధైర్యం చేసింది. ఎస్తేరమ్మ ట్యాబ్‌లో తేదీ కొట్టింది. ఆ సమయానికి తిరపతయ్య షెడ్డు నీడలో నలుగురితో పేకాడుతున్నాడు. ఫోను మోగింది. తిరపతయ్యకు చదువు రాదు కనుక పక్కనున్నవాడికి ఇచ్చాడు. వాడు గట్టిగా పైకి చదివేశాడు. "మీ కుమార్తె కుమారి నాగవేణికి ఈ దినమున ఋతుస్రావము ప్రారంభమైనట్లు సమాచారము అందినది. నిజమైనచో నాలుగు ఏడు సున్న మూడు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తిరపతయ్య ముక్కలు కింద పడేసి, ఫోను తీసుకుని ఇంటికొచ్చి వసారాలో గోడకు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం కూడా మాలకొండమ్మ పళ్లెం పెట్టి వెళ్లిపోయాక తిన్నాడు. అంకెలు చెప్పలేదు. పేకాట దగ్గర జరిగిన సంగతి ఆ సాయంత్రానికల్లా ఊళ్లో ఆడపిల్లలందరికీ తెలిసింది. మర్నాటి నుంచి ఎస్తేరమ్మ ట్యాబు పట్టుకుని ఏ గుమ్మం ఎక్కినా పిల్లలు ఒకటే మాట. "నాకు రాలేదు నర్సమ్మా."

తన ఫోను నెంబరు పెట్టి చూసింది. 'ఈ సంఖ్య ఇంటి యజమానిది కాదు' అంది యాప్. ఆ నెల నివేదికలో నల్లరాళ్లపాడు గడిలో సున్న పడింది. తర్వాతి నెల మళ్లీ సున్న.

ఆ రోజుల్లో అధికారులు పొద్దున లేస్తే చూసేవి కరోనా పట్టికలే. గడిలో సున్న కనిపిస్తే చప్పట్లు కొట్టడం వాళ్లకు అలవాటుగా మారింది. వీడియో సమావేశంలో పట్టిక తెర మీదికి రాగానే విద్యాసాగర్ గారు ఆగిపోయారు.

"నల్లరాళ్లపాడు. నూట నలభై ముగ్గురు కిశోర బాలికలకు గాను గడచిన రెండు మాసములలో ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. ఇది సామాన్యమైన విజయం కాదు. భౌతిక దూరం, మాస్కు, చేతుల పరిశుభ్రత. ఈ మూడింటినీ నిబద్ధతతో పాటిస్తే దేనినైనా నియంత్రించవచ్చునని ఈ గ్రామం నిరూపించింది."

చప్పట్లు మోగాయి. ఎస్తేరమ్మ మండలాఫీసులో కుర్చీలోంచి లేచింది. "అయ్యా, సున్నంటే రాలేదని గాదండీ. ఎవరూ చెప్పలేదని."

"మేడం మ్యూట్‌లో ఉన్నారు" అంది తెర.

ఆపరేటరు ఏదో నొక్కాడు. ఆవిడ మళ్లీ చెప్పింది. విద్యాసాగర్ గారు చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. "అమ్మా, నమోదు కానిదానిని ప్రభుత్వం ఎట్లు పరిగణిస్తుంది? మీ నోటిమాటకు యాప్‌లో గడి లేదు కదా. క్షేత్రస్థాయి సిబ్బంది ప్రతికూల దృక్పథమును విడనాడాలి."

పది రోజుల్లో ఊరి మొదట్లో బోర్డు లేచింది. రెండు ఇనప గొట్టాలు పాతి, వాటి మధ్య నీలం రంగు రేకు బిగించారు. 'ఇది ఋతురహిత గ్రామం. స్వాగతం.' విద్యాసాగర్ గారు మాస్కు పెట్టుకుని రిబ్బను కత్తిరించారు, ఊరికొక ప్రశంసాపత్రం ఇచ్చారు. భావనారాయణ గారి చేత కొబ్బరికాయ కొట్టించారు. అవసరం లేని గ్రామంలో సరుకు ఉండటం దుబారా కనుక పాకెట్లను 'మిగులు' అని రాసి బీరువాకు రెండో తాళం వేయించారు. లారీ మాత్రం ప్రతి నెలా వస్తూనే ఉంది.

నాగవేణికి పుండ్లు మానడం, మళ్లీ రేగడం మూడోసారి. ఎస్తేరమ్మ ప్రతి నెలా సొంత సంచిలోంచి మందు తెచ్చి రాసి, "ఎండలో ఆరెయ్యవే" అని మొత్తుకునేది. ఆ పిల్ల వసారా వైపు చూసేది. వసారా నిండా మగాళ్లే.

మూడో నెల సున్న కూడా పడ్డాక అసలు కథ మొదలైంది. జిల్లాలో ఇంకో ఆఫీసులో ఇంకో కంప్యూటరు ఉంది. పాపం దానికి బోర్డు సంగతి తెలియదు. తొంభై రోజులు నెలసరి నమోదు కాని ప్రతి ఆడమనిషినీ అది దానంతటదే 'గర్భిణీ స్త్రీలు (అనుమానితం)' జాబితాలోకి ఎక్కిస్తుంది. నల్లరాళ్లపాడు నుంచి నూట నలభై మూడు పేర్లు ఒక్కసారే ఎక్కేశాయి.

ఎస్తేరమ్మ జాబితా చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. విద్యాసాగర్ గారికి ఫోను చేసింది. "సార్, మీ బోర్డేమో రాట్లేదంటంది. ఈ లిస్టేమో కడుపులంటంది. రెంట్లో ఒకటన్నా అబద్ధమని మీకు తట్టలేదా?"

"అలా ఎందుకనుకుంటారమ్మా" అన్నారాయన. "ఋతురహితమైనప్పుడు గర్భము అన్నది శాస్త్రీయముగా సహజ పర్యవసానమే కదా. రెండు నివేదికల నడుమ వైరుధ్యం లేదు. ఆ మాటకొస్తే చక్కని సమన్వయం ఉన్నది."

సమన్వయం మర్నాడే ఊళ్లోకి దిగింది. అంగన్‌వాడీ ఆయమ్మ గంపలో గుడ్లు, పాల పాకెట్లు పెట్టుకుని ఇంటింటికీ బయలుదేరింది. ప్రతి సంచి మీద పేరు అంటించి ఉంది. పేరు కింద 'గర్భిణీ పోషకాహారం'. వెనకనే ఇంకో కాగితం. వచ్చే శుక్రవారం ఆన్‌లైన్ సామూహిక సీమంతం, లబ్ధిదారులు గాజులు వేసుకుని ఫోను ముందు సిద్ధముగా ఉండవలెను.

"నీకన్నా బుద్ధి లేదటే" అని ఎస్తేరమ్మ ఆయమ్మను దారిలో నిలదీసింది.

"నాకు తెలవదా నర్సమ్మా అది అబద్ధమని. లిస్టులో ఉంటే ఇయ్యాల. ఇయ్యకపోతే గుడ్లు నేను మింగానని రాస్తారు."

తిరపతయ్య ఇంటి గుమ్మంలో ఆరు గుడ్లు, ఒక పాల పాకెట్టు, మధ్యలో నాగవేణి పేరు. వీధిలో అందరూ చూశారు. వాళ్ల గుమ్మాల్లోనూ గుడ్లున్నాయి, అయినా పక్కింటి గుడ్లే ముందు కనపడతాయి. మాలకొండమ్మ సంచి లోపలికి ఈడ్చి తలుపేసుకుని ఏడ్చింది. తిరపతయ్య ఏడవలేదు. ఫోను తీసి బావమరిదికి చేశాడు. వాడికి ఇరవై ఎనిమిదేళ్లు, వరసకు నాగవేణికి మేనమామ. ఆదివారం ముహూర్తం.

ఎస్తేరమ్మకు కబురు తెలిసి వచ్చేసరికి తిరపతయ్య వసారాలో తలొంచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏంది తిరపతయ్యా, ఆదివారం పెళ్లంట. పాపకి ఎన్నేళ్లో గుర్తుందా నీకు? ఆ పిల్లని కన్నప్పుడు బొడ్డు కోసింది నేనే."

"ఊరంతా గుడ్లు చూసింది నర్సమ్మా. ఇంక నన్నేం చెయ్యమంటావు? మా బామ్మర్ది మంచోడు. ఇప్పుడైతే పదిమందితో అయిపోద్ది. తాళి కట్టిస్తే నోళ్లు మూతపడతయ్."

"ఆ లిస్టు అబద్ధమని నీకు తెలుసా లేదా?"

"నాకు తెలుసు. నా ఇంటిదానికి తెలుసు. ఊరికి ఎట్టా తెలిసేది?"

"లిస్టులోంచి పేరు తీయాలంటే ఒకటే దారుంది. పాపకి నెలనెలా వస్తందని ఇంటి యజమాని ఒప్పుకోవాల. ఆ ఓటీపీ నువ్వు చెప్పాల."

తిరపతయ్య ముఖం తిప్పుకున్నాడు. "మొగోణ్ణి. ఆ మాట నేనెట్టా చెప్తా."

ఎస్తేరమ్మ సంచి కింద పెట్టి, వసారా అరుగు మీద కూర్చుంది. ఆవిడ కూర్చుందంటే ఇక తేలిగ్గా లేవదని ఊరికి తెలుసు.

"పోయినేడు మాఘమాసంలో ఈ పిల్ల పెద్దమనిషైతే ఏం చేశావు నువ్వు? షామియానా ఏశావు. సెంటర్లో పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టావు. అందులో పాప ఫొటో కంటే నీ ఫొటో పెద్దగా వేయించుకున్నావు. మైకు పెట్టి రెండు రోజులు మూడూళ్లకి వినిపించావు. నాలుగొందల మందికి అన్నం పెట్టావు, నేను కూడా తిని పోయాను, గుత్తొంకాయ బాగుంది. అదంతా ఎందుకు చేసినట్టు? మొదటిసారి వచ్చినందుకే గదా. మొదటిసారి వస్తే మైకులో చెప్పినోడివి, ఇప్పుడు నాలుగంకెలు చెప్పలేవా?"

"అది ఫంక్షను. ఇది వేరు."

"ఏంది వేరు?"

తిరపతయ్య భుజం మీది తువ్వాలు దులిపి మళ్లీ వేసుకున్నాడు. అప్పుడు తలుపు వెనక నుంచి నాగవేణి మాట్లాడింది. ఆ ఓటీపీ వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల తండ్రితో మాట్లాడటం అదే మొదలు.

"నాయనా, నాకు బడుంది. మామని చేసుకోను. నడిస్తే మంటగా ఉంది నాయనా, నాలుగు నెలల నుంచీ మంటగానే ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆ నెంబరు చెప్పు."

తిరపతయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మంట సంగతి అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కడుపునొప్పి అన్నారు, అతనూ అంతటితో ఊరుకున్నాడు. చొక్కా తగిలించుకుని, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అయితే ఓటీపీకి గడువు దాటిపోయింది. 'ఆలస్య నమోదు' కావాలంటే ఇంటి యజమాని స్వయంగా గ్రామ సచివాలయానికి వచ్చి నోటితో ధ్రువీకరించాలని మార్గదర్శకాల పందొమ్మిదో పేజీలో ఉంది. తిరపతయ్య వెళ్లేసరికి అక్కడ అప్పటికే ముగ్గురు తండ్రులు ఉన్నారు. గుడ్లు అందరి గుమ్మాల్లోనూ పెట్టారు మరి. మాస్కు కళ్ల దాకా లాగి, తలకు తువ్వాలు చుట్టి, ఎవరికి వారు తనను ఎవరూ పోల్చలేరని ధైర్యంగా ఉన్నారు. కాసేపట్లో వరస పెరిగి వీధి మలుపు దాటింది. సున్నంతో గీసిన గుండ్రాల్లో, ఆరడుగుల దూరంలో, నల్లరాళ్లపాడులో ఆడపిల్లలున్న మగవాళ్లందరూ నిలబడ్డారు. ఆనాడు పేకాటలో ఓటీపీ చదివినవాడు కూడా ఉన్నాడు. వాడికి ఇద్దరు కూతుళ్లు.

సచివాలయం ఆపరేటరు ప్లాస్టిక్ తెర వెనక, రెండు మాస్కులు పెట్టుకుని కూర్చున్నాడు. ముందొచ్చిన ముగ్గురూ పక్కకు జరగ్గా మొదట నిలబడ్డ తిరపతయ్య చెప్పింది అతనికి వినపడలేదు. గట్టిగా చెప్పమన్నాడు. తిరపతయ్య గట్టిగా చెప్పలేకపోయాడు. ఆపరేటరు విసుగొచ్చి, చేతులు కడుక్కోండి అని ఊరికి చాటడానికి పెట్టిన మైకు తీసి తెర కిందుగా తోశాడు.

"పేరు, కూతురి పేరు, విషయం. నసగకుండా చెప్పండి."

"నా పేరు తిరపతయ్య. మా పాప నాగవేణి. పాపకి నెలనెలా వస్తంది."

"ఏం వస్తుందో స్పష్టంగా చెప్పాలండి. గడి ఖాళీగా ఉంటే తీసుకోదు."

తిరపతయ్య వెనక్కి చూశాడు. వరసంతా నేల చూస్తోంది. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ముట్టు" అన్నాడు. స్తంభాల మీది నాలుగు మైకులూ ఆ మాటను ఊరంతా వినిపించాయి. "మా పాపకి నెలనెలా ముట్టు వస్తంది. మూడు నెలలూ వచ్చింది. ఆ లిస్టు అబద్ధం. రాసుకో."

రెండోవాడు నీళ్లు నమిలాడు. మూడోవాడు కాస్త తొందరగా చెప్పాడు. పదోవాడి దగ్గరికి వచ్చేసరికి మాస్కులు గడ్డం కిందికి దిగాయి. ఇరవయ్యోవాడు అడక్కుండానే, "మా పాపకి ఆ రోజుల్లో నొప్పి కూడా బాగా ఉంటదంట, దానికేమన్నా మాత్రలు ఉంటే అది కూడా రాయి సారూ" అన్నాడు. ఇళ్లల్లో ఆడవాళ్లు ఎక్కడి పనులు అక్కడ ఆపి విన్నారు. నాగవేణి సిగ్గుతో దుప్పటి ముసుగు పెట్టుకుంది. దుప్పటి కింద నవ్వింది.

మధ్యాహ్నానికి నూట నలభై మూడు పేర్లూ జాబితాలోంచి పోయాయి. అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. "మీ అభ్యర్థన ఆమోదించబడినది. పాఠశాల తెరచిన పిమ్మట బాలిక హాజరు పట్టీలో హాజరు నమోదు చేయించుకుని వస్తువును పొందగలరు."

ఒకడు చదివాడు. అందరూ విన్నారు. అంత సిగ్గు చంపుకున్న మగవాళ్లకు ఇక చంపుకోవడానికి ఏమీ మిగల్లేదు. వరస అలాగే, ఆరడుగుల దూరం తప్పకుండా, హైస్కూలుకు నడిచింది. ముందు తిరపతయ్య, పక్కన ఎస్తేరమ్మ.

భావనారాయణ గారు కాగితం తీశారు. హాజరు, అన్నారు.

"కాయితంలో ఏమని ఉందో మళ్లీ చదవండి సార్" అంది ఎస్తేరమ్మ.

"'హాజరు నమోదు కాబడిన బాలికలకు మాత్రమే.'"

"నమోదు కావాలని ఉంది. ఎవరు పలకాలో ఉందా?"

ఆయన కాగితాన్ని ముందు నుంచి, వెనక నుంచి చదివారు. లేదు. కళ్లజోడు తుడుచుకుని, బయటి గుంపును ఒకసారి, ఇంకో ఏడాదిన్నరను ఒకసారి తలచుకున్నారు. తర్వాత హాజరు పట్టీ తీసి, దుమ్ము దులిపి, నాలుగు నెలల తర్వాత ఆ బడిలో మొదటిసారి గొంతు సవరించుకున్నారు.

"అంకమ్మ."

"ప్రెజెంట్ సార్" అన్నాడు బుర్రమీసాల గొర్రెల కాపరి ఒకడు.

"కల్యాణి."

"ప్రెజెంట్ సార్" అన్నాడు మాజీ సర్పంచి.

"నాగవేణి."

తిరపతయ్య బడి మొహం ఎరగడు. ఏం పలకాలో ముందు ఇద్దరినీ విని నేర్చుకున్నాడు. చేతులు కట్టుకుని, నిటారుగా నిలబడి, "ప్రెజెంట్ సార్" అన్నాడు. బీరువా రెండు తాళాలూ తెరుచుకున్నాయి. తండ్రులు తలా నాలుగు నెలల పాకెట్లు చంకన పెట్టుకుని వెళ్లారు. దేనికీ ఎవరూ పాత పేపరు చుట్టలేదు.

జిల్లాలో మాత్రం గగ్గోలు పుట్టింది. సున్న ఉన్న గ్రామంలో ఒక్కరోజే నూట నలభై మూడు. విద్యాసాగర్ గారు దాన్ని 'విస్ఫోటనం' అని రాసి, ఊరిని రెడ్ జోన్‌గా ప్రకటించి, దారికి అడ్డంగా వెదురు బొంగులు కట్టించారు. వద్దని తిరపతయ్య చెప్పినా వినకుండా ఆదివారం ఆటోలో పెళ్లిబట్టలతో దిగిన బావమరిదిని పోలీసులు ఆ బొంగుల దగ్గరే వెనక్కి తిప్పి పంపారు. ప్రభుత్వం వల్ల ఆ ఏడు నాగవేణికి జరిగిన మేలు అదొక్కటే. హెడ్మాస్టరుకు లాక్‌డౌన్‌లో నూటికి నూరు శాతం హాజరు ఎలా వచ్చిందో సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. ఆయన దాన్ని బీరువాలో ఖాళీ అయిన అరలో పెట్టారు.

ఎస్తేరమ్మకూ ఒక మెమో వచ్చింది. గ్రామం హోదా కోల్పోయింది కనుక బోర్డు తొలగించి జిల్లా కార్యాలయానికి అప్పగించవలసినదని. వెళ్లి చూస్తే ఊరి మొదట్లో రెండు గుంటలు తప్ప ఏమీ లేవు. ప్రభుత్వ ఆస్తి ఎక్కడున్నదో ఇరవై నాలుగు గంటల్లో తెలపాలని రెండో మెమో.

ఆవిడ ఊరంతా వెతికింది. తిరపతయ్య దొడ్లో కనపడింది. ఇంట్లోకి ఎండ రాదు కనుక అతను రెండు ఇనప గొట్టాలనూ తెచ్చి దొడ్డి మధ్యలో, వీధిలోకి కనపడేటట్టు పాతి, మధ్య తాడు కట్టాడు. పాకెట్లు అయిపోయాక కావలసిన నూలుగుడ్డలు తాడు మీద వరసగా ఆరుతున్నాయి. నీలం రేకు కింద పరిచి, దాని మీద నాగవేణి కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. తిరపతయ్య వసారాలోంచి, "గాలికి ఎగిరిపోతయ్ పాపా, క్లిప్పులు పెట్టు" అంటున్నాడు.

ఎస్తేరమ్మ అరుగు మీద కూర్చుని, మెమో వెనక జవాబు రాసింది.

"అయ్యా, బోర్డు పోలేదు. గ్రామంలోనే వాడుకలో ఉంది."